మెట్లు దిగితేనే మంచి భోజనం

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళని మగవాళ్ళు "ఏం చూశారు?" అని అడుగుతారు. ఆడవాళ్ళు "ఏం తిన్నారు?" అని అడుగుతారు. నన్నడిగితే రెండోదే అసలైన ప్రశ్న. చూసినవి ఫొటోల్లో కూడా ఉంటాయి. తిన్నదాని సంగతి మాత్రం తిన్నవాళ్ళే చెప్పాలి. అంచేత ఈమధ్య ఎనిమిది వారాలు మా చెల్లెలింట్లో ఉండి, పిట్స్‌బర్గ్ అనే ఊళ్ళో నేను తిన్నవీ, తాగినవీ, తినలేక వదిలేసినవీ మీకు విన్నవించుకుంటాను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పదేళ్ళ కిందట నేనొక నవల రాశాను. అందులో కథానాయిక పెళ్ళై అమెరికా వెళుతుంది. రొట్టెముక్క చేత్తో పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, అమ్మ చేతి పప్పుచారు తలుచుకుని పదహారు పేజీలు ఏడుస్తుంది. తామూ ఏడ్చామని పాఠకురాళ్ళు ఉత్తరాలు రాశారు. నేను పొంగిపోయాను. అప్పటికి అమెరికా మాట దేవుడెరుగు, నేను బొంబాయి కూడా సరిగ్గా చూడలేదు. మా చెల్లెలు మాత్రం ఒకే ఒక్క వాక్యం రాసింది. "అక్కయ్యా, నీ హీరోయిన్ నిలబడ్డ కిటికీ అవతల ఏ ఊరుందో ఒక్కసారైనా చూపించావు కాదేం?" అని. ఆ వాక్యం పదేళ్ళూ కాల్లో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు వెళ్ళి ఆ కిటికీ తెరిచి చూశాను.

ఊరి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అలెగెనీ, మొనాంగహేలా అని రెండు నదులు అక్కడ కలిసి ఒహాయో నది అవుతాయి. ఎటు చూసినా కొండలూ, వాటిమీద నిటారుగా ఎక్కే వీధులూ, లెక్కపెట్టి 446 అని చెప్పుకునే వంతెనలూ. ఒకప్పుడు ఉక్కు అంటే పిట్స్‌బర్గే. 1950లో 6 లక్షల 76 వేలున్న జనాభా అప్పటినుంచీ తగ్గుతూ వచ్చి, 1980ల్లో మిల్లులు ఒకటొకటీ మూతబడ్డాక ఇంకా తగ్గి, 2020 లెక్కల్లో 3 లక్షల పైచిలుకు తేలింది. అంటే ఇంచుమించు మన రాజమండ్రి పాటి ఊరు. ఇప్పుడు ఆస్పత్రులూ, విశ్వవిద్యాలయాలూ ఊరిని పోషిస్తున్నాయి. మా చెల్లెలు పనిచేసేది కూడా ఒక ఆస్పత్రిలోనే.

మా మరిది చాలా పద్ధతైన మనిషి. నేను దిగిన మర్నాడే, ఏ హోటలుకి ఎన్ని నక్షత్రాలో కాగితం మీద వరుసగా రాసి, "వదినగారూ, ఇవన్నీ మీకు చూపించాలి" అన్నారు. మొట్టమొదట అన్నిటికన్నా ఎక్కువ నక్షత్రాలున్న చోటికి తీసుకెళ్ళారు. పేరెందుకు గానీ, వెన్నెలలాంటి దీపాలు, గుసగుసగా మాట్లాడే మనుషులు. పళ్ళెం మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారికి పెట్టే వెండిపళ్ళెమంత. అందులో ముల్లంగి ముక్కలు నాలుగు, ఒక ఆకు, చుట్టూ ముగ్గు వేసినట్టు ఎర్రటి రసం. నేను మాంసం ముట్టనని ప్రత్యేకంగా చేశారట. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను. బిల్లెంతైందో మరిది చెప్పలేదు, నేనడగలేదు. అదీ మర్యాద.

ఆ రాత్రి నాకొక ఆలోచన వచ్చింది. నక్షత్రాలు ఇచ్చేవాళ్ళు రుచెలా ఉంది, దీపాలెలా ఉన్నాయి, వడ్డించినవాడు నవ్వాడా లేదా అని అన్నీ రాస్తారు. ఈ వంట మొదట ఎవరు చేశారు, ఎవరి ఆకలి కోసం చేశారు అన్నది మాత్రం రాయరు. నవలని ఎలా చదువుతామో ఊరి తిండినీ అలాగే చదవాలి కదా! ఆ రెండు ప్రశ్నలూ పట్టుకుని తిరిగితే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

శనివారం పొద్దున్న స్ట్రిప్ డిస్ట్రిక్ట్ అనే పేటకి వెళ్ళాం. ఒకప్పుడు రైళ్ళలో, లారీల్లో వచ్చిన కూరగాయలూ పళ్ళూ టోకున అమ్ముకున్న చోటు. ఇప్పటికీ సంత వాతావరణమే. 1902లో ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు పెట్టిన పెన్సిల్వేనియా మాకరోనీ కంపెనీ దుకాణంలో జున్నుచక్కలు బండరాళ్ళలా పేర్చి ఉన్నాయి. వీధంతా కాఫీగింజలు వేయించిన వాసన. కళ్ళు మూసుకుంటే మద్రాసు మైలాపూరులో ఉన్నట్టుంది. తెరిస్తే ముక్కు గడ్డకట్టే చలి!

ఆ పేటలోనే 1933లో మొదలైన ప్రిమాంటీ బ్రదర్స్ ఉంది. వాళ్ళ శాండ్‌విచ్‌కి ఊళ్ళో ఎంత పేరంటే, దాన్ని తినకుండా వెళితే విమానం ఎక్కనివ్వరేమో అన్నట్టు మాట్లాడతారు. రెండు దళసరి ఇటాలియన్ రొట్టెముక్కల మధ్య మాంసం, జున్ను, టమాటా. అంతటితో ఆగకుండా పక్కన పెట్టుకోవాల్సిన బంగాళాదుంప వేపుడూ, వెనిగర్‌లో కలిపిన క్యాబేజీ తరుగూ కూడా లోపలే కూరేస్తారు. ఎందుకలా అని ఆరా తీస్తే ఒక కథ చెబుతారు. తెల్లవారుజామున లారీలు తోలేవాళ్ళకి కూర్చుని తినే తీరిక ఉండేది కాదట. ఒక చెయ్యి చక్రం మీద ఉంటే, రెండో చేత్తో భోజనమంతా పట్టుకోవాలి కదా! నేను మాంసం లేకుండా ఇమ్మన్నాను. ఇచ్చినాయన నావంక జాలిగా చూసి, దుంపలు రెండింతలు పెట్టారు. నోరు పట్టలేదు, చీరంతా క్యాబేజీ. అయినా నాకు నచ్చింది. పొలానికి పోయే మనిషికి కట్టి ఇచ్చే చద్దిమూటలాంటిది అది. అన్నం, పచ్చడి, ఉల్లిపాయ అన్నీ ఒకే గుడ్డలో. అలంకారం లేదు, అవసరం ఉంది.

పక్కనే పమేలాస్ అనే ఫలహారశాలలో మరో ఆశ్చర్యం ఎదురైంది. అమెరికా పాన్‌కేకులంటే దిబ్బరొట్టెల్లా మందంగా ఉంటాయని విన్నాను. వీళ్ళవి పల్చగా, అంచులు కరకరలాడుతూ అచ్చం మన అట్లే. 2008లో ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఒబామా అవి తిని, అధ్యక్షుడయ్యాక ఆ హోటలు నడిపే ఇద్దరు ఆడవాళ్ళనీ శ్వేతసౌధానికి పిలిపించి మరీ వేయించుకున్నారు. అట్టు వేసి రాష్ట్రపతి భవన్‌కి పిలుపందుకున్నవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? నాకు తోచినంతవరకూ లేరు.

ఆ హోటలు గుమ్మంలో నిలబడి వీధి అటూ ఇటూ చూస్తే ఒక సంగతి తట్టింది. ఇన్ని దుకాణాల్లో ఆడపేరున్న బోర్డు నాకు కనబడింది ఇదొక్కటే. తక్కినవి అన్నదమ్ములు, కొడుకులు, ఇంటిపేర్లు. ఈ ఊరికి తిండిలో ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు హెచ్.జె. హైంజ్. మన పిల్లలు బజ్జీలకి కూడా అద్దుకు తింటున్న టమాటా కెచప్ ఆయన కంపెనీదే. 1869లో ఆయన మొదట అమ్మింది కెచప్ కూడా కాదు. హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంపని తురిమి, ఊరబెట్టిన పచ్చడి. ఇతరులు అందులో చవక దుంపలు కలిపి రంగుసీసాల్లో దాచేవారు. ఈయన తెల్లసీసాలో పోసి "చూసి కొనుక్కోండి" అన్నారు. బాగుంది, తెలివైనవాడు. ఆ పచ్చడి చేసే విధానం మటుకు వాళ్ళమ్మది. పెరట్లో పండించి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తురిమిన చేతులు ఆవిడవి. సీసా మీద పేరు కొడుకుది.

దీనికి ఎదురుగా మరో పేరు గుర్తొస్తుంది. 1896లో ఇరవై రెండేళ్ళ విల్లా కాథర్ ఈ ఊరికే వచ్చింది. తరవాత అంత గొప్ప నవలా రచయిత్రి అయిన ఆవిడ ఇక్కడ చేసిన మొదటి ఉద్యోగం 'హోమ్ మంత్లీ' అనే కుటుంబ పత్రికకి సంపాదకత్వం. మీరు చదువుతున్న ఈ పత్రికలాంటిదే అనుకోండి. పేజీలు నింపడానికి ఆవిడే రకరకాల మారుపేర్లతో రాసేదట. ఆ మారుపేర్ల చాటున ఎంత విసుక్కుందో నేనూహించగలను. పెద్దయ్యాక తన పేరు తనకి దక్కింది. తురిమిన చేతులకి దక్కలేదు.

ఇక తాగడం సంగతి. మనకి కాఫీ చాలు గానీ, ఆ ఊరి కథ బీరు లేకుండా పూర్తికాదు. ఐరన్ సిటీ అనే బీరు 1861 నుంచీ ఆ ఊరిదే. కొలిమి దగ్గర ఎనిమిదిగంటలు కాలి వచ్చిన కార్మికులు మిల్లు ఎదుటి బారులో 'ఇంప్ అండ్ ఐరన్' అడిగేవారట. ఇంపీరియల్ విస్కీ ఒక చిన్నగ్లాసు, వెంట ఐరన్ సిటీ ఒకటి. ఇవన్నీ మా మరిది ఎంతో ముచ్చటగా చెప్పుకొచ్చారు. జీతం రోజున ఆ గ్లాసులెన్ని అయ్యేవో, ఇంటి దగ్గర ఎవరు లెక్కపెట్టుకునేవారో ఆ ముచ్చట్లలో లేదు. మనకి వేరే చెప్పక్కర్లేదు.

లారెన్స్‌విల్ పేటలో అంతకన్నా విడ్డూరం ఉంది. 1902లో కట్టిన సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ కేథలిక్ చర్చి 1993లో మూతబడితే, 1996లో దాన్ని బీరు కాచే హోటలు చేశారు. రంగుటద్దాల కిటికీలు అలాగే ఉంచారు. చర్చి బల్లల్నే భోజనాలకి వాడుకున్నారు. పూజాపీఠం ఉండాల్సిన చోట తళతళలాడే పెద్ద పెద్ద పాత్రల్లో బీరు! నేను ముక్కున వేలేసుకున్నాను. కాసేపు కూర్చున్నాక కోపం పోయి దిగులు పట్టుకుంది. మిల్లు పోతే కార్మికులు పోయారు, కార్మికులు పోతే చర్చి పోయింది. కూలగొట్టకుండా నిలిపారు, అంతవరకూ నయమే. హోమ్‌స్టెడ్‌లో 1986లో మూతబడ్డ ఉక్కుమిల్లు జాగాలో ఇప్పుడు దుకాణాలూ, దేశమంతటా ఒకే రుచి పెట్టే హోటళ్ళూ వెలిశాయి. పాత మిల్లు పొగగొట్టాలు పన్నెండు మాత్రం వరుసగా నిలబడి ఆ హోటళ్ళవంక చూస్తుంటాయి.

ఇక్కడ ఒక నాటకం గురించి చెప్పుకోవాలి. ఆ ఊరి హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతివాళ్ళ పేట. 1950ల్లో ఒక పెద్ద అరీనా కోసం ఆ పేట దిగువభాగం కూలగొట్టి, 8,000 మందిని వెళ్ళగొట్టారు. అక్కడ పుట్టిన ఆగస్ట్ విల్సన్ 1990లో 'టూ ట్రెయిన్స్ రన్నింగ్' అనే నాటకం రాశారు. కథంతా 1969లో ఒక చిన్న హోటల్లో జరుగుతుంది. మగవాళ్ళు బల్లల చుట్టూ చేరి డబ్బు, న్యాయం, చావు, అదృష్టం గురించి గొప్పగా మాట్లాడుకుంటారు. వాళ్ళందరికీ కాఫీ పోసి, వండి పెట్టేది రీసా. నాటకం మొత్తానికి ఆడమనిషి ఆవిడొక్కతే. ఎవరు పిలిచినా వెళుతుంది, తక్కువ మాట్లాడుతుంది. రచయిత ఆవిణ్ణి ఎక్కడా ఏడిపించలేదు. తన నడక తను నడవనిచ్చారు. చదువుతుంటే నా పదహారు పేజీల కన్నీళ్ళు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన ముందు ఊరు చూపించి, తరవాత మనిషిని నిలబెట్టారు. నేను మనిషిని నిలబెట్టి, ఊరు ఎగ్గొట్టాను.

నక్షత్రాల కాగితంలో లేని భోజనం ఒక శుక్రవారం సాయంత్రం దొరికింది. ఈస్టరుకి ముందు నలభై రోజులు అక్కడి కేథలిక్కులు శుక్రవారాలు మాంసం తినరు. మనకి ఏకాదశులున్నట్టే. ఆ శుక్రవారాల్లో చర్చిల్లో చేపల వేపుడూ, పియరోగీలూ చేసి అమ్ముతారు. మా చెల్లెలి సహోద్యోగిని ఒకావిడ మమ్మల్ని ఒక పాత చర్చికి తీసుకెళ్ళింది. ముందు గుమ్మం కాదట, పక్కనుంచి మెట్లు దిగాలి. దిగితే నేలమాళిగలో పెద్ద హాలు, పొడుగాటి బల్లలు, వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. లోపల డెబ్భై దాటిన అమ్మమ్మలు ఎనిమిదిమంది, తలలకి వలటోపీలు పెట్టుకుని, మైదాపిండి బిళ్ళల్లో బంగాళాదుంప, జున్ను ముద్ద పెట్టి, సగానికి మడిచి, అంచులు నొక్కుతున్నారు. చూడగానే "కజ్జికాయలు!" అని పైకే అనేశాను. పోలండ్, స్లొవాకియా, ఉక్రెయిన్‌ల నుంచి మిల్లుపనికి వచ్చినవాళ్ళ ఆడవాళ్ళు తెచ్చుకున్న వంట అది. ఉడకబెట్టి, వెన్నా ఉల్లిపాయల్లో దొర్లిస్తారు. చేపల దగ్గర మగవాళ్ళూ చెమటలు కక్కుతున్నారు, అన్యాయం చెప్పకూడదు. ఒక అమ్మమ్మ నా చేతిలో ఒక బిళ్ళ పెట్టి నొక్కమంది. నేను మన పద్ధతిలో అంచు మడతలు వేసి ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, పక్కావిడకి చూపించింది. ఇద్దరూ నవ్వారు. ఆ ఊళ్ళో నేను తిన్నవాటిల్లో మొదటి స్థానం దానిదే.

"అయ్యో, ఇంత చక్కటి పని! ఈవిడల తరవాత ఎవరు చేస్తారు?" అని నేను దారిపొడుగునా వాపోతుంటే, మా చెల్లెలు కారు నడుపుతూ చాలాసేపు ఊరుకుంది. తరవాత అంది, "అక్కయ్యా, వాళ్ళ కూతుళ్ళు నర్సులూ, టీచర్లూ అయ్యారు. అందుకని ఆ పని వాళ్ళకే మిగిలింది. నువ్వు నవల రాస్తే అట్టమీద నీ పేరు వేస్తారు. వీళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? పేరులేని పని ఎంతకాలం చెయ్యమంటావు?"

నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే, వచ్చినప్పటినుంచీ దాని ఫ్రిజ్‌లో కొనుక్కొచ్చిన చపాతీల పొట్లాలు చూసి లోలోపల మార్కులు తగ్గిస్తూనే ఉన్నాను. ముఖాన అనలేదు గానీ, అక్కయ్య ముఖం చెల్లెలు చదవలేదా?

ఉగాదికి పెన్ హిల్స్‌లో కొండమీదున్న వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి, ఆ దేశంలో మొదట వెలిసిన హిందూ ఆలయాల్లో ఒకటి. తెల్లటి గోపురం చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టబుద్ధవుతుంది. దర్శనం అయ్యాక భోజనానికి మళ్ళీ మెట్లు దిగాలి! పులిహోర, దద్ధ్యోదనం. ఇంగువా, చింతపండూ, ఎండుమిర్చీ సరిగ్గా కుదిరిన పులిహోర. దూరాల నుంచి కార్లలో గంటలకొద్దీ ప్రయాణం చేసి వచ్చిన కుటుంబాలు దొన్నెలు పట్టుకుని నిలబడి తింటున్నాయి. లోపల నడుముకి తువ్వాలు కట్టుకుని, ఉగాది పచ్చడికి మామిడికాయలు తరుగుతున్న ఆడవాళ్ళలో మా చెల్లెలు కనిపించింది! తెల్లవారుజామునే లేచి వెళ్ళింది ఇందుకట. ఇంట్లో మామూలు రోజుల్లో గరిటె పట్టని మనిషి. "మరి ఇక్కడ పేరెక్కడుందే?" అన్నాను. "లేదు. ఇష్టమైనప్పుడు చేస్తున్నాను. అంతే తేడా" అంది తలెత్తకుండా, తరుగుతూ.

మే నెలలో ఆ సహోద్యోగిని కూతురి పెళ్ళి. పిట్స్‌బర్గ్ పెళ్ళిళ్ళలో కుకీ టేబుల్ అనే ఆచారం ఉంది. అత్తలు, పిన్నులు, అమ్మమ్మలు, ఇరుగుపొరుగులు తలా రెండు మూడు డజన్లు బిస్కట్లు చేసుకొచ్చి, ఒక పెద్ద బల్లనిండా పేరుస్తారు. వెనకటి కరువు రోజుల్లో పెద్ద కేకు కొనలేక మొదలైందని అంటారు. ఇటాలియన్ల పిట్సెల్లీలు మన గులాబీపువ్వుల్లా నగిషీతో ఉంటాయి, కాకపోతే నూనెలో వెయ్యరు, రెండు అచ్చుల మధ్య నొక్కి కాలుస్తారు. లేడీలాక్స్ అయితే బట్టలారేసే కొయ్యక్లిప్పుకి పిండి చుట్టి కాల్చి, క్లిప్పు తీసేసి లోపల మీగడ నింపుతారు. చుట్టాలు తిన్నన్ని తిని, డబ్బాల్లో ఇంటికీ పట్టుకెళ్ళవచ్చు. మన పెళ్ళిసారె అనుకోండి. మేమిద్దరం రాత్రి పదకొండు దాకా కూర్చుని నాలుగు డజన్ల కజ్జికాయలు చేశాం. కొబ్బరి లౌజు కూరుతూ, అంచులు మడుస్తూ, పదేళ్ళలో మాట్లాడుకోనివన్నీ మాట్లాడుకున్నాం. బల్లమీద వాటిని చూసి, చర్చిలో నా చేతి మడతకి నవ్విన అమ్మమ్మ పియరోగీ అనుకుని తీసుకుని కొరికింది. తియ్యగా తగిలేసరికి కళ్ళు పెద్దవి చేసింది. ఇంకొకటి తీసుకుని చేతిరుమాల్లో చుట్టుకుంది. ఎవరు చేశారని బల్లంతా వినబడేలా అడిగింది. మా చెల్లెలు పేరు చెప్పింది, వెంటనే నా పేరూ చెప్పింది.

కాబట్టి పిట్స్‌బర్గ్ వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇదీ. వీధిలో శాండ్‌విచ్ తినండి, అట్లు తినండి, చర్చి హోటల్లో కాసేపు కూర్చుని తలెత్తి కిటికీలు చూడండి. శుక్రవారం ఒకచోట, శనివారం ఇంకోచోట మెట్లు దిగండి. దిగినచోట వండినావిడ పేరు అడగండి.

నా పాత నవల మళ్ళీ అచ్చువేస్తామని ప్రచురణకర్త అంటున్నారు. ఆ పదహారు పేజీలూ తీసేసి, కిటికీ తెరిచి కొత్త అధ్యాయం రాస్తానని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. అది కాసేపు ఆలోచించి అంది, "రాయి గానీ అక్కయ్యా, ఆవిడచేత రోజూ కజ్జికాయలు మాత్రం చేయించకు. పాపం, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాలి."